ముప్పై తొమ్మిదేళ్ళకి స్కేటింగ్ వస్తుందా?

ప్రశ్న: మాది విజయనగరం. నాకు 39 ఏళ్ళు. ఒక ఆఫీసులో అకౌంట్లు చూస్తాను. మా పాప ఆరో తరగతి. సాయంత్రాలు దాన్ని స్కేటింగ్ క్లాసుకి తీసుకెళ్ళి, అయ్యేదాకా గట్టు మీద కూర్చుంటాను. అలా కూర్చుని కూర్చుని ఫోన్లో ఫిగర్ స్కేటింగ్ వీడియోలు చూడటం అలవాటైంది. మంచు మీద వెనక్కి వెనక్కి జారుతూ వెళ్ళి, గాల్లో తిరిగి, ఒంటికాలి మీద దిగుతుంటే నాకు ఏదో అయిపోతుంది. పోయిన నెల పిల్లలందరూ వెళ్ళిపోయాక పాప స్కేట్లు నేను కట్టుకుని నిలబడ్డాను. రెండు నిమిషాలు కాలేదు, వెల్లకిలా పడ్డాను. వారం రోజులు నడుం నొప్పి. ఇంట్లో తెలిసిపోయింది. "ఈ వయసులో ఈ యేసాలేటే తల్లీ" అని మా అత్తగారు. కాలు విరిగితే ఎవరు చూస్తారని మావారు. అయినా కోరిక పోలేదు. ఈ వయసులో నాకు వస్తుందా? మంచే లేని ఊళ్ళో ఎక్కడ నేర్చుకోను? లేక వదిలేయాల్సిన పిచ్చేనా ఇది?
— ఒక సోదరి, విజయనగరం

జవాబు: చెల్లెమ్మా, వెల్లకిలా పడ్డానని రాశారు గానీ, పడే ముందు మోకాళ్ళు ఎలా ఉన్నాయో రాయలేదు. నేను చెప్పనా? కర్రల్లా బిగుసుకుని ఉండుంటాయి. చక్రం ముందుకి జారింది, మీరు బెదిరి వెనక్కి వాలారు, వాలగానే చక్రం ఇంకాస్త ముందుకి పోయింది. అంతే సంగతి. అచ్చం అలాగే నేనూ పడ్డాను, 52 ఏళ్ళ వయసులో, అదీ మనవరాలిని చూడటానికి వెళ్ళిన దేశంలో.

మాది శ్రీకాకుళం. మా అమ్మాయి పురిటికని నవంబరులో టొరంటో వెళ్ళి ఆరు నెలలున్నాను. పురుడు, పథ్యాలు, చంటిదాని స్నానాలు అన్నీ ఒక దారిలో పడ్డాక నాకు పగలంతా తోచేది కాదు. మా అల్లుడు చూసి, "అత్తయ్య గారూ, ఇలా కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చుంటే మీకు దిగులు పట్టుకుంటుంది" అని, పెద్దవాళ్ళకి ఓనమాల నుంచి నేర్పే స్కేటింగ్ క్లాసులో నా పేరు రాయించేశాడు. వారానికి ఒక అరగంట, ఎనిమిది వారాలు. వద్దంటే వినలేదు. నిజం చెప్పాలంటే నేనూ గట్టిగా వద్దనలేదు.

మొదటి రోజు చలికి భయపడి రెండు జతల ఉన్ని సాక్స్ వేసుకున్నాను. వాటి మీద బూటు పట్టదు కదా, అద్దెకిచ్చే అబ్బాయిని ఒక సైజు పెద్దది అడిగాను. రెండూ తప్పే. మంచు మీద కాలు పెట్టగానే చీలమండలు రెండూ లోపలికి వాలిపోయాయి. ఆర్టీసీ బస్సులో పైరాడ్డు పట్టుకున్నట్టు గోడ పట్టుకుని వేలాడాను. నాలుగేళ్ళ గుంటడొకడు నా పక్కనుంచి సర్రున వెళ్ళి, మళ్ళీ చుట్టు తిరిగి వచ్చి నా మొహం చూసి వెళ్ళాడు. నేర్పే ఆవిడ వచ్చి, కుర్చీలో కూర్చోబోతున్నట్టు వంగమని చేత్తో చూపించింది. ఆమె వంగమన్న కొద్దీ నేను ఇంకా నిటారుగా నిలబడ్డాను. చిన్నప్పటి నుంచి వినలేదూ, గూని పడకు, సరిగా నిలబడు అని? నలుగురు చూస్తున్నారంటే నిటారుగా నిలబడటమే మనకి మర్యాద. ఆ మర్యాదతోనే పడ్డాను.

లేచాక గుర్తొచ్చింది. చిన్నప్పుడు నాట్ల రోజుల్లో మా నాన్నకి పొలానికి అన్నం క్యారేజీ పట్టుకెళ్ళేదాన్ని. వానకి గట్టంతా జిగురు బురద, అటొక మడి, ఇటొక మడి. అక్కడ నిటారుగా నడిస్తే మడిలో ఉంటాం. మోకాళ్ళు వదులుగా పెట్టి, చిన్న అడుగులేసి, చూపు కాళ్ళ మీద కాకుండా నాలుగు గజాలు ముందు పెట్టి నడిచేవాళ్ళం. ఎవరూ నేర్పలేదు, పడి పడి వచ్చింది. మంచు మీద ఆ గట్టుని తలచుకున్నాను. మోకాళ్ళు వదిలేశాను. ఆ అరగంటలోనే గోడ వదిలి పది అడుగులు వెళ్ళాను. మోకాలు ఎంత వంగాలో కొలత కావాలంటే, కిందికి చూసినప్పుడు మీ మోకాలి చిప్ప అడ్డొచ్చి బూటు ముందు కొస కనబడకూడదు. మొదట్లో అంత వంగితే తొడలు మండుతాయి. మండాలి. మండకపోతే మీరు వంగనట్టే.

మన వైపు తప్పెటగుళ్ళు ఎప్పుడైనా దగ్గరగా చూశారా? గుండె మీద తప్పెట కట్టుకుని, ఎగిరి, గాల్లో తిరిగి దిగుతారు. ఈసారి చేతుల్ని వదిలేసి మోకాళ్ళని చూడండి. ఎగిరే ముందు వంగుతాయి, దిగాక మళ్ళీ వంగుతాయి, చప్పుడు తప్పెటలోంచే వస్తుంది గానీ కాళ్ళలోంచి రాదు. నాకు నేర్పిన ఆవిడ ఎనిమిది వారాలూ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది అదే.

ఇక మీ మొదటి ప్రశ్న, వయసు. వస్తుంది. ఏం వస్తుంది, ఏం రాదు అన్నది మాత్రం ముందే తెలుసుకోవాలి. పిల్లలు పొట్టిగా, తేలిగ్గా ఉంటారు. పడితే నేల దగ్గరే, లేస్తే ఏడుపు కూడా ఉండదు. మనం నాలుగైదు అడుగుల ఎత్తు నుంచి ఓ బస్తా బరువుతో పడతాం. అందుకే మనకి భయం ఎక్కువ, దాని వల్ల నేర్చుకోవడం నెమ్మది. కానీ చెప్పింది చెప్పినట్టు అర్థం చేసుకుంటాం, ఇంటికెళ్ళి అభ్యాసం చేస్తాం. పెద్దయ్యాక నేర్చుకునేవాళ్ళు మరీ అంత అరుదేం కాదు. అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ వాళ్ళు 28 ఏళ్ళు నిండినవాళ్ళ కోసమే జర్మనీలో ఓబర్స్ట్‌డార్ఫ్ అనే ఊళ్ళో పోటీలు పెడుతుంటారు. అక్కడ మీరు చిన్నవాళ్ళ లెక్క!

వారానికి మూడు రోజులు చేస్తే ఏడాదిలో ముందుకీ వెనక్కీ పోవడం, కాలు మీదుగా కాలు వేసి మలుపు తిరగడం, ఒంటికాలి మీద ముందు నుంచి వెనక్కి తిరిగే త్రీ టర్న్, రెండు కాళ్ళ మీద చిన్న స్పిన్, ఇంకా మనసు పెడితే వాల్ట్జ్ జంప్ రావచ్చు. ఈ వాల్ట్జ్ జంప్ అన్నిటికంటే మొదట నేర్పే గెంతు. ఎడమ కాలి మీద ముందుకి వెళ్తూ ఎగిరి, అర చుట్టు తిరిగి, కుడి కాలి మీద వెనక్కి జారుతూ దిగడం. మీ గుండెల్లో ఏదో అయిపోతోందన్నారే, ఆ దిగడం చిన్న కొలతలో ఇదే. వీడియోల్లో మూడు చుట్లు, నాలుగు చుట్లు తిరిగేవాళ్ళు నాలుగైదేళ్ళ వయసు నుంచి రోజుకి గంటలు గంటలు చేసినవాళ్ళు. ఆ ఆశ పెట్టుకోకండి. అర చుట్టులో ఎంత ఆనందం ఉందో దిగినప్పుడు మీకే తెలుస్తుంది. నాకు త్రీ టర్న్‌కి నాలుగు నెలలు పట్టింది, వాల్ట్జ్ జంప్‌కి ఇంకో ఏడాది. ఇప్పుడు నాకు 56.

మంచు లేకపోవడం గురించి. మనకి ఐస్ రింకు దగ్గర్లో లేదు, నిజమే. డెహ్రాడూన్‌లో 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టిన హిమాద్రి రింకు ఉంది. సిమ్లాలో 1920 నుంచీ ఆరుబయట రింకు ఉంది గానీ అక్కడ చలికి దానంతటది గడ్డకట్టాల్సిందే, అది శీతాకాలం ముచ్చట. విజయనగరం నుంచి వారం వారం వెళ్ళి నేర్చుకునే చోట్లు కావు. అందుకని చక్రాల మీద మొదలుపెట్టండి. ఇది మంచు దొరక్క సరిపెట్టుకోవడం అనుకోవద్దు. ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్ అని వేరే ఆటే ఉంది. అందులోనూ ఆక్సెల్, సాల్కో, లుట్జ్ అనే ఆ గెంతులే, ఆ స్పిన్నులే, సంగీతంతో ఆ ప్రోగ్రాములే. మన హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010లో గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు తెచ్చాడు, 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. పేరుతో వెతికి వీడియోలు చూడండి. మీరు చూసే మంచు వీడియోలకి తీసిపోవు.

ఇక్కడ ఒక చిక్కుంది. మీ పాప వేసుకునేవి బహుశా ఒకే వరుసలో చక్రాలుండే ఇన్‌లైన్ స్కేట్లు. అవి వేగానికి. మీకు కావాల్సినవి ముందు రెండు, వెనక రెండు చక్రాలుండే క్వాడ్స్. ముందు కొసన రబ్బరు బిరడాలాంటి టో స్టాప్ ఉంటుంది. క్వాడ్ బూటుని తిరగేసి చూడండి. ఇరుసుల దగ్గర రబ్బరు ముక్క ఒకటి కనబడుతుంది. పాదాన్ని కుడి పక్కకి వాలిస్తే ఆ రబ్బరు నలిగి, ఇరుసులు రెండూ కుడి వైపు ఒకదానికొకటి దగ్గరవుతాయి. బూటు దానంతటదే వంపు తిరుగుతుంది. మంచు స్కేటు బ్లేడు పని చేసే తీరు కూడా ఇంతే. చాలామంది దాన్ని కత్తిలా ఒకే పదును అనుకుంటారు. దగ్గరగా చూస్తే నాలుగు మిల్లీమీటర్ల మందం, అడుగున పొడుగునా సన్నటి గాడి. గాడికి అటూ ఇటూ రెండు అంచులు, లోపలి అంచు, బయటి అంచు. ఏ అంచు మీద వాలితే ఆ వైపు వంపు. సైకిలు మీద మలుపు తిరిగేటప్పుడు హ్యాండిల్ తిప్పడం కంటే ఒళ్ళు వాల్చడమే ఎక్కువ చేస్తాం కదా, అలాగ. గెంతైనా, స్పిన్నైనా ఏదో ఒక అంచు మీదే మొదలవుతుంది. అందుకే చక్రాల మీద అంచు తెలిసినవాళ్ళు మంచు మీద కాలు పెడితే ఓ గంట తడబడి, తర్వాత దారిలో పడతారు. ఆపడం ఒక్కటి మాత్రం కొత్తగా నేర్చుకోవాలి. చక్రాల మీద వెనక కాలు అడ్డంగా ఈడ్చి ఆగుతాం, మంచు మీద బ్లేడుతో గీరి ఆగుతాం.

అసలు ఫిగర్ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మీకు నచ్చుతుంది. పూర్వం ఈ ఆటలో పెద్ద భాగం మంచు మీద బ్లేడుతో ఎనిమిది అంకె, దాని రకాలూ గీయడం. ఒకసారి గీసి, మళ్ళీ అదే గీత మీద రెండోసారి, మూడోసారి వెళ్ళాలి. జడ్జీలు వంగి గీతలు ఎంత ఎడం వచ్చాయో చూసేవారు. టీవీలో చూసేవాళ్ళకి విసుగని, 1990 తర్వాత పెద్ద పోటీల్లోంచి దాన్ని తీసేశారు. నన్నడిగితే, పెద్దయ్యాక మొదలుపెట్టేవాళ్ళకి అదే చక్కటి భాగం. గెంతక్కర్లేదు, వేగం అక్కర్లేదు, ఓపిక చాలు. మెలికల ముగ్గు చుక్కల మధ్య నుంచి తిప్పి తిప్పి మొదలుపెట్టిన చోటికే తెచ్చి కలుపుతాం చూడండి, ఆ ఓపిక. చక్రాల మీద ఇప్పటికీ నేల మీద రంగుతో వేసిన వలయాల మీద ఈ పోటీ జరుగుతుంది. నేను మా కాలనీ కమ్యూనిటీ హాలు గచ్చు మీద సుద్దముక్కతో ఎనిమిది గీసుకుని తెల్లవారుజామున దాని మీదే తిరుగుతాను. ఒక్కో వలయం నా ఎత్తుకి మూడింతలు అడ్డం. వాచ్‌మన్ మొదట్లో ఇదేదో శాంతి పూజ అనుకున్నాడట.

కొనే ముందు పాప కోచ్‌ని రెండు ముక్కలు అడగండి: ఆర్టిస్టిక్ నేర్పుతారా, పెద్దవాళ్ళని చేర్చుకుంటారా? నేర్పనంటే విశాఖలో అడగండి. వుడా పార్కులో స్కేటింగ్ రింకు ఎప్పటి నుంచో ఉంది, అక్కడివాళ్ళకి ఎవరు ఏం నేర్పుతారో తెలుస్తుంది. నెలకి రెండు ఆదివారాలు వెళ్ళి పాఠం తెచ్చుకుని, మిగతా రోజులు ఇక్కడ సాధన చేసుకున్నా సరిపోతుంది. మొదట్లో ఎవరివైనా అద్దెకో అరువుకో తీసుకోండి, ఖరీదైనవి కొనేయకండి. కొనేటప్పుడు ఒకే ఒక సన్నటి సాక్స్‌తో వేసుకుని చూడాలి. వేళ్ళు బూటు కొసకి తగిలీ తగలనట్టుండాలి. మోకాలు వంచితే మడమ వెనక్కి పోయి అతుక్కోవాలి, లేవకూడదు. మామూలు చెప్పు సైజు కంటే చిన్నదే పడుతుంది సాధారణంగా. లేసు వేళ్ళ దగ్గర కొంచెం వదులుగా, చీలమండ వంపు దగ్గర బిగుతుగా, పైన మళ్ళీ కాస్త వదులుగా కట్టాలి. పైదాకా బిగిస్తే మోకాలు వంగదు. చక్రాల మీద 78ఎ, 85ఎ, 95ఎ అని రాసి ఉంటుంది. అంకె పెరిగితే గట్టిదని. గరుకు సిమెంటు మీద తిరిగేదైతే చిన్న అంకె తీసుకోండి, లేకపోతే పళ్ళు కదిలిపోతాయి. నున్నటి రింకు దొరికితే పెద్ద అంకె.

పడటం సంగతి కాస్త తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే మీ నడుం నొప్పి దాని వల్లే. నాకు మొదటి క్లాసు సగం పడటం మీదే పోయింది. డబ్బులిచ్చి పడటం నేర్చుకోవడం ఏమిటా అనుకున్నాను. పడబోతున్నామని తెలియగానే ముందు మోకాళ్ళు ఇంకా వంచేయాలి, నేలకి దగ్గరవ్వాలి. వెనక్కి పడకుండా ఒక పక్కకి ఒరిగి, తొడా పిరుదూ కలిసే మెత్తటి చోట ఆని, అలాగే జారిపోవాలి. గడ్డం ఛాతీకి ఆనించుకోవాలి, తల వెనక్కి పోకుండా. అన్నిటికంటే ముఖ్యం, చేతులు కింద ఆనించకూడదు. ఎవరికైనా మొదట అదే చేయబుద్ధవుతుంది, మణికట్లు విరిగేది కూడా అక్కడే. పిడికిళ్ళు బిగించి పొట్టకి దగ్గరగా తెచ్చుకోండి. మంచు మీదైతే వేళ్ళు చాపి ఉంచితే ఇంకొకళ్ళ బ్లేడు ఎక్కే ప్రమాదం కూడా ఉంది. ఇంట్లో రెండు పరుపులు పరిచి, స్కేట్లు లేకుండా, రోజూ కుడికి పది సార్లు, ఎడమకి పది సార్లు పడండి. పాపని పిలిస్తే అది కూడా పడుతుంది, సరదాగా ఉంటుంది. లేవడానికి కూడా పద్ధతుంది. మోకాళ్ళ మీదకి వచ్చి, ఒక పాదం ముందు పెట్టి, రెండు చేతులూ ఆ మోకాలి మీద నొక్కి లేవాలి. ఎవరి చెయ్యీ పట్టుకోకండి, ఇద్దరూ పడతారు.

హెల్మెట్, మణికట్టు గార్డులు, మోకాళ్ళకీ మోచేతులకీ ప్యాడ్లు లేకుండా రింకులోకి దిగొద్దు. నా క్లాసులో హెల్మెట్ లేకపోతే అసలు రానివ్వలేదు, తెల్లజుట్టు చూసి కూడా. మీవారి ప్రశ్నకి మీ దగ్గర ఉండాల్సిన జవాబు ఇదే. కాలు విరిగితే ఎవరు చూస్తారని ఆయన అడిగారంటే భయపడి అడిగారు. వాదించకుండా ఒక సాయంత్రం ఆయన్ని తీసుకెళ్ళి గార్డులన్నీ కట్టుకుని పడి చూపించండి. కళ్ళు తిరగడం, బీపీ, పాత మోకాలి నొప్పి లాంటివేమైనా ఉంటే ముందు డాక్టర్‌కి చెప్పి మొదలుపెట్టండి. నలభై దగ్గర పడ్డ ఆడవాళ్ళం ఎముకల బలం గురించి కూడా ఒక మాట అడగాలి. మొన్నటి నడుం నొప్పి ఇంకా ఉంటే అది తగ్గేదాకా పరుపు మీద కూడా పడకండి.

బట్టలు: లెగ్గింగ్, పొడుగు టీషర్టు చాలు. చున్నీ మాత్రం గట్టు మీదే వదిలేయండి. చక్రంలో చుట్టుకుంటే పడటమే కాదు, మెడకి కూడా ప్రమాదం.

ఇంట్లో చేసుకునేవి ఒకటి రెండు చెప్తాను. పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి, మోకాలు కొంచెం వంచి. ఉదయం కుడి, రాత్రి ఎడమ. పీట మీద నుంచి చేతులు ఆనించకుండా పది సార్లు లేవండి. మేడ మీద వాల్ట్జ్ జంప్‌ని మామూలు చెప్పుల్లేని కాళ్ళతో చేయండి. ఎడమ కాలి మీద ఎగిరి, అర చుట్టు తిరిగి, కుడి కాలి మీద దిగి, చేతులు చాపి, మూడు లెక్కపెట్టేదాకా కదలకుండా ఉండాలి. ఆ మూడు లెక్కపెట్టడమే కష్టం. స్పిన్ సంగతి తర్వాత. అప్పుడు బొంగరాన్ని గుర్తు చేసుకోండి. దాని అడుగు మేకు నిటారుగా ఒకే చోట ఆనితే నిలబడి తిరుగుతుంది, కాస్త ఒరిగితే ఊరంతా తిరుగుతుంది. నా స్పిన్ ఇంకా ఊరంతా తిరిగే రకమే. చేతులు దగ్గరికి లాక్కుంటే వేగం పెరుగుతుందని చెప్తే నమ్మలేదు నేను. లాక్కున్నాను. గోడ దాకా వెళ్ళి కూర్చున్నాను.

ఏడాది చక్రాల మీద గడిచాక, సెలవులు చూసుకుని ఒకసారి మంచు దగ్గరికి వెళ్ళండి. డెహ్రాడూన్ అయితే ఫోన్ చేసి, ఆ రోజుల్లో రింకు తెరిచి ఉంటుందో లేదో కనుక్కుని టికెట్లు తీయండి. మాల్స్‌లో ఐస్ స్కేటింగ్ అని బోర్డు చూస్తే ముందు రెండు విషయాలు అడగండి. నిజం మంచా, ప్లాస్టిక్ పలకలా? ఎంత పెద్దది? ప్లాస్టిక్ పలకల మీద బ్లేడు పట్టుకుంటుంది, ఎక్కువ బలం పెట్టాలి. గదంత జాగాలో యాభై మంది ఉంటే గోడ పట్టుకుని తిరగడమే మిగులుతుంది. పోటీలు జరిగే రింకు 60 మీటర్లు, 30 మీటర్లు ఉంటుంది. అద్దె స్కేట్లిస్తే బ్లేడు అంచు మీద గోరు అడ్డంగా గీసి చూడండి. గోరు పొట్టు లేస్తే పదునుంది, జారిపోతే ఇంకో జత అడగండి. నాకిచ్చిన మొదటి జత మొండిది. నా కాళ్ళ తప్పే అనుకుని మూడు వారాలు ఏడ్చాను. బ్లేడు ముందు కొసన రంపపు పళ్ళలాంటివి ఉంటాయి, అవి గెంతడానికి. వాటితో ఆగుదామని ముందుకి వాలారో, బోర్లా పడతారు. మీరెప్పుడైనా సొంత జత కొంటే, తిరిగాక బ్లేడుని గుడ్డతో పొడిగా తుడిచి గుడ్డ తొడుగులోనే పెట్టండి. నడవడానికి వేసే ప్లాస్టిక్ తొడుగులో తడితో వదిలేస్తే తుప్పు పడుతుంది. మన సముద్రం గాలికి ఇంకా తొందరగా.

మీ అత్తగారి మాట మిగిలింది. ఆవిడ అన్నది మా ఊళ్ళో నన్ను అననివాళ్ళు లేరు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట ఆడపిల్ల బరువులెత్తుతుందంటే ఆ రోజుల్లో ఎంతమంది ఎన్ని అనుంటారో. పెళ్ళయ్యాక కూడా ఆట వదలకుండా 2000లో సిడ్నీ నుంచి ఒలింపిక్ కాంస్యం తెచ్చాక కరణం మల్లీశ్వరి మన జిల్లా బిడ్డ అని అందరం చెప్పుకున్నాం. మీరు పతకాలకి వెళ్ళట్లేదు, కాబట్టి ఆ ఉదాహరణ అత్తగారికి చెప్పకండి, "నువ్వు మల్లీశ్వరివా" అంటారు. ఒక ఆదివారం ఆవిణ్ణి కూడా రింకు దగ్గరికి తీసుకెళ్ళి మీ పక్కన గట్టు మీద కూర్చోబెట్టండి. గంటన్నర అక్కడ కూర్చోవడం ఎలా ఉంటుందో ఆవిడకీ తెలియాలి. అక్కడ కూర్చునే మిగతా తల్లుల్ని కూడా ఒకసారి అడిగి చూడండి. నాకు తెలిసి ఒకరిద్దరికైనా మీలాంటి కోరికే ఉంటుంది, రాయడానికి మొహమాటపడి ఊరుకుని ఉంటారు. నలుగురుంటే కోచ్ పెద్దవాళ్ళకి విడిగా అరగంట ఇవ్వడానికి ఒప్పుకుంటారు.

పాప స్కేట్లు ఇంకెప్పుడూ కట్టుకోకండి, అవి మీ కొలతవి కావు. మీరు కట్టుకున్నారని ఇంట్లో అందరికీ తెలిసిందన్నారు గానీ, పాపతో కూర్చుని మాట్లాడారో లేదో రాయలేదు. మాట్లాడండి. పరుపు పరిచి మొదటి పాఠం దాన్నే చెప్పమనండి. ఎలా పడాలో దానికి ఈపాటికే తెలిసుంటుంది.